బాలయేసు పరుపు

మార్త తొట్టిలో గడ్డిపోచ వేసే తీరు చూస్తే శౌరమ్మకి ఒళ్ళు మండిపోయేది. వేసేది ఒక్క పోచ. దానికి ముందు కళ్ళు మూసుకోవడం, వేశాక గుండె మీద చెయ్యి పెట్టుకోవడం, పక్కన మార్త కోడలు సింధూరి సెల్‌ఫోన్‌తో ఫొటో తియ్యడం. ఛీ, ఏం వేషాలో అనుకుని శౌరమ్మ మొహం తిప్పుకునేది.

హనుమాన్ జంక్షన్ దగ్గరి ఆ ఊరి చర్చిలో, ఆగమన కాలం మొదలైన ఆదివారం బలిపీఠం ముందు ఒక పశువుల తొట్టి పెడతారు. క్రిస్మస్‌కి ముందు ఆ నాలుగు వారాల్లో ఎవరు ఏ మంచిపని చేసినా అందులో ఒక గడ్డిపోచ వెయ్యాలి. పండగనాటికి బాలయేసుకి మెత్తటి పరుపు తయారవ్వాలి. తొట్టి అడుగున మందంగా గడ్డి కూరడం, పక్కన గంపలో పోచలు పెట్టడం ముప్పై ఏళ్ళుగా శౌరమ్మ పని. ఇంకొకరిని దాని మీద చెయ్యి వెయ్యనివ్వదు.

ఈ ఏడు కోతలప్పుడు ముసురు పట్టి పనలు చేలోనే నానిపోయాయి. శౌరమ్మ వామిలో పొడిగడ్డి ఒక మూల కాస్త మిగిలింది. దాన్ని గేదెకి దాచింది. సూడిగేదె మరి, కుళ్ళుగడ్డి తింటే జబ్బు చేస్తుంది. బాలయేసుకి జబ్బు చెయ్యదు కదా! తడిగడ్డిని ఒక్కపూట రోడ్డు మీద ఆరబోసి తొట్టిలో కూరింది. పైకి కనబడేలా నాలుగు పొడి పరకలు పరిచింది. ఆ తర్వాత ముందు వరసలో కూర్చుని మార్త వేషాలు లెక్కపెట్టింది.

మూడో వారానికి కంపు మొదలైంది. ఎలుక చచ్చిందేమో అన్నారు. నాలుగో ఆదివారం ప్రసంగం మధ్యలో ఫాదర్ జయంత్‌గారే ముక్కు మూసుకున్నారు. పూజ అయ్యాక మార్త చీర దోపుకుని, చేతులు పెట్టి గడ్డి పైకి తీసింది. నల్లగా, బంకబంకగా, తెల్లటి పురుగులు లుకలుకలాడుతూ వచ్చింది. ఊరంతా వేసిన పోచలు ఆ బంకకే అతుక్కుని ఉన్నాయి. సింధూరి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది.

"శౌరమ్మగారూ, గడ్డి తడిగా ఉందాండీ?" అని ఫాదర్ అడిగారు.

"ముప్పయ్యేళ్ళ నుంచి ఇస్తన్నానండీ. పెళపెళలాడే గడ్డి ఇచ్చాను. ఎవరో నీళ్ళు ఒలకబోసుంటారు."

మార్త మొహం పాలిపోయింది. "పక్కనున్న పూలకుండీలకి రోజూ నేనే కదండీ నీళ్ళు పోసేది. నేనే ఒలకబోశానేమో."

శౌరమ్మ కాదనలేదు.

ఆ సాయంత్రం పాపసంకీర్తనాలు. పండగకి ముందు ఒక్కొక్కరూ వెళ్ళి ఫాదర్ దగ్గర తమ తప్పులు చెప్పుకోవాలి. చర్చికి వెళ్తూ మార్త శౌరమ్మ గుమ్మంలో ఆగింది.

"అక్కా, ఫాదర్ దగ్గరికెళ్ళే ముందు నీతో సమాధానపడదామని వచ్చా. నీ గడ్డి పాడుచేశాను. కోపం పెట్టుకోకు." ఇక్కడ ఫొటో తీసేవాళ్ళెవరూ లేరు. మూడుసార్లు సబ్బుతో కడిగినా ఆమె చేతుల కంపు వదల్లేదు.

శౌరమ్మ "సరేలే" అని తలుపు వేసేసింది.

పెరట్లో గేదె పొడిగడ్డి నములుతోంది. అది చూడగానే శౌరమ్మ ఇన్నాళ్ళూ మార్త మీద కక్కిన అసహ్యమంతా తన మీదికే తిరిగింది. దేవుడికి పెట్టేదాంట్లో కక్కుర్తి పడింది, పైగా తన తప్పు ఇంకొకరి నెత్తిన రుద్దింది. థూ, నీ బతుకు చెడ, అని తనను తానే తిట్టుకుంది. గేదె అరుస్తున్నా వినకుండా దాని ముందున్న గడ్డి లాగి మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని చర్చికి నడిచింది.

వరసలో పదిమంది ఉన్నారు. తనవంతు కోసం అందరికంటే ముందు నిలబడిన మార్త ఆమెని చూసి సంబరపడింది. "మళ్ళీ తెచ్చావా అక్కా! ఎంత మంచి మనసు నీది!"

"ఛీ, నన్ను పొగడమాక. ఇది గేదెకి దాచుకున్న గడ్డి. తొట్టిలో కూరింది తడిది. తెలిసే కూరాను. నువ్వు నీళ్ళేం ఒలకబొయ్యలేదు."

వరసలో అందరికీ వినబడింది. మార్త దగ్గరికి వచ్చి రెండు అరచేతులూ శౌరమ్మ ముక్కు కింద పెట్టింది.

"వాసన చూడు."

మోపు దించకుండానే శౌరమ్మ వాసన చూసింది.

మార్త పక్కకి జరిగి, వరసలో తన చోటు ఖాళీ చేసింది.

"ముందు నువ్వెళ్ళు."