క్రియ లేని వాక్యం

ఆ అనువాద కార్యాలయంలో హెబ్రీ చదవగలిగినవాళ్లు ఇద్దరే. వయసులో పెద్దవాణ్ని అందరూ పెద్దాయన అనేవారు, రెండోవాణ్ని చిన్నాయన అనేవారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు వాళ్లిద్దరినీ అన్నదమ్ములనుకునేవారు. "చుట్టరికమేం లేదమ్మా, ఒకే కాడికి కట్టిన రెండెడ్లం" అని పెద్దాయన టైపిస్టుతో అనేవాడు.

వాళ్ల గది మూడో అంతస్తులో మెట్ల పక్కన ఉండేది. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. పెద్ద మూలగ్రంథం ఒక్క ప్రతే ఉండటంతో ఇద్దరూ బల్లకి ఒకే వైపున కూర్చునేవారు. హెబ్రీ కుడినుంచి ఎడమకి నడుస్తుంది. పెద్దాయనది కుడివైపు కుర్చీ, చిన్నాయనది ఎడమవైపుది. "వాక్యం నా దగ్గర పుట్టి నీ దగ్గర ముగుస్తుందిరా. ఆఖర్న చెడిందంటే నన్ననకు" అని నవ్వేవాడు పెద్దాయన.

చిన్నాయన ఇరవై ఎనిమిదో ఏట అక్కడ ప్రూఫులు దిద్దడానికి చేరాడు. అప్పటికి ఆ లిపిలో ఒక్క అక్షరమూ రాదు. భోజనాల వేళ, పాత కవర్ల వెనక గీసి చూపిస్తూ పెద్దాయనే నేర్పాడు. "రాసినవాడు హల్లులే రాశాడు. కిందా పైనా ఉన్న ఈ చుక్కలు తర్వాత వందల ఏళ్లకి చదువరులు పెట్టినవి. చుక్కల్ని గౌరవించు, కానీ భయపడకు" అనేవాడు. అలా పద్దెనిమిదేళ్లు గడిచాయి. చిన్నాయన కూతురికి విషజ్వరం వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు పెద్దాయన రెండు రోజులు వరండాలో బెంచీ మీదే కూర్చున్నాడు. ఇంటికెళ్లి పడుకోమంటే "నువ్వు నోర్ముయ్యి, ముందు వెళ్లి ఏదైనా తిను" అన్నాడు.

వాళ్లిద్దరినీ విడదీసింది ఒక కీర్తన.

హెబ్రీ పవిత్రగ్రంథంలోని కీర్తనల్లో ఏడుపు పాటలు చాలానే ఉన్నాయి. అవి ఎంత లోతుకి దిగినా, చివరికి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట మలుపు తిరుగుతాయి. నువ్వు విన్నావు, నన్ను లేవనెత్తావు అంటూ ముగుస్తాయి. ఒక్క పాట మాత్రం అలా తిరగదు. పాడేవాడు చిన్నప్పటినుంచీ చావుకి దగ్గరగానే బతికినవాడు. స్నేహితులు తనని చూసి అసహ్యపడి దూరమయ్యారని చెప్పుకుంటాడు. చివరి రెండు మాటల్లో మొదటిది తెలిసినవాళ్లు, రెండోది చీకటి. మూలంలో ఆ రెండింటి మధ్య ఏమీ లేదు. పాట అక్కడితో అయిపోతుంది.

పెద్దాయన దాన్ని అలాగే అనువదించాడు. వాళ్లిద్దరూ కూడా సభ్యులుగా ఉన్న అనువాద సంఘం సమావేశంలో అధ్యక్షుడు కాగితం కింద పెట్టి, "బావుందండీ, కానీ ఇది రోగుల మంచాల పక్కన పెట్టే పుస్తకం. ఇలా వదిలేస్తే ఎలా? చివర ఒక్క ముక్క కలుపుదాం. 'అయినా తెల్లవారుతుంది' అని. రెండే మాటలు" అన్నాడు.

"రాసినవాడికి తెల్లారలేదు. తెల్లార్చడానికి మనమెవరం?" అన్నాడు పెద్దాయన.

సభ్యురాలైన రిటైర్డు టీచరమ్మ, "మన భాషలో బతుకు తెల్లారిపోయిందంటే వేరే అర్థం కూడా ఉంది కదండీ" అంది. ఎవరూ నవ్వలేదు.

వాదన మధ్యాహ్నం దాకా సాగింది. పెద్దాయన గొంతు పెంచలేదు. కలపడమే ఖాయమైతే ఈ పనిలో తాను ఉండలేనని మాత్రం చెప్పాడు. ఇక చేతులెత్తండన్నారు. కలపాలన్నవాళ్లు అధ్యక్షుడు, ఇంకో సభ్యుడు. వద్దన్నవాళ్లు పెద్దాయన, టీచరమ్మ. మిగిలింది చిన్నాయన.

అతను బల్ల మీదున్న నీళ్ల గ్లాసు వైపు చూస్తూ, కలపాలన్నవాళ్లతో చెయ్యెత్తాడు.

ఒక్క ముక్క కోసం పదేళ్ల పని ఆగిపోకూడదని అలా చేశానని తర్వాత తనకి తాను చెప్పుకున్నాడు. అధ్యక్షుడంటే భయం ఉన్న మాట కూడా నిజం. పెద్దాయన ఎలాగూ సర్దుకుంటాడులే అనుకున్న మాట ఇంకా నిజం. అలిగినవాళ్లు అన్నం వేళకి వస్తారన్నట్టు, ఆయన కూడా మర్నాడు పదింటికి కుడివైపు కుర్చీలో ఉంటాడనుకున్నాడు.

మర్నాడు పెద్దాయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నాలుగో రోజున ఆయన కూతురు వచ్చి బీరువా తాళాలు టైపిస్టు చేతికిచ్చి వెళ్లిపోయింది. చిన్నాయన గదిలోనే ఉన్నాడు. మెట్లు దిగుతున్న ఆమె చెప్పుల చప్పుడు విన్నాడు, లేవలేదు.

"వెళ్లి ఒక్కసారి కనపడి రండి" అంది భార్య.

"కొంచెం చల్లారనీ" అన్నాడు.

చల్లారిన కొద్దీ వెళ్లడం కష్టమైంది. వారం దాటాక ఇంత ఆలస్యంగా వెళ్లి ఏం చెప్పాలనుకున్నాడు. ఏడాది దాటాక ఇప్పుడెందుకొచ్చావంటే ఏమనాలనుకున్నాడు. పెద్దాయన ఉండే వీధి బస్టాండుకి దగ్గర దారి. అయినా మార్కెట్టు చుట్టూ తిరిగి వెళ్లడం అలవాటైపోయింది. ఒకసారి మందుల షాపులో ఆయన కూతురు కనపడితే, సబ్బులు చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. పెద్దాయనకి చూపు పోయిందని టైపిస్టు చెప్పిన రోజు అన్నం సయించలేదు. అప్పుడూ వెళ్లలేదు. అలా ఆరేళ్లు గడిచాయి.

అప్పుడొక ఉత్తరం వచ్చింది. రాసినామె కుట్టుపని చేసుకునే మనిషి. మంచాన పడ్డ భర్తకి రోజూ ఆ పుస్తకం చదివి వినిపిస్తోందట.

"ఈ పాట ఒక్కటీ మళ్లీ మళ్లీ చదవమంటాడండీ. మన సంగతి ఎవరో చూసి రాసినట్టుందంటాడు. కానీ చివరి ముక్క చదివితే మొహం తిప్పుకుంటాడు. 'అది ఆయన మాట కాదే, ఎవరో పక్కనుంచి అందించారు' అంటాడు. మేం చదువుకున్నవాళ్లం కాదు. అది అసలులో ఉందా లేదా అన్నది చెప్తే చాలు."

చిన్నాయన ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాడు. ఎక్కడో ఒక గదిలో మంచాన పడి ఉన్న మనిషి, ఒక్క హెబ్రీ అక్షరం తెలియకుండానే అతుకు ఎక్కడుందో పట్టేశాడు. అతికిన చేతుల్లో ఒకటి తనది. ఉత్తరం తీసుకుని అధ్యక్షుడి గదికి వెళ్లాడు. పాత అధ్యక్షుడు అప్పటికే దిగిపోయాడు. కొత్తాయనకి ఆ గొడవలేవీ తెలియవు. "అసల్లో లేకపోతే తీసెయ్యండి. కొత్త ముద్రణ వచ్చే నెల్లోనే కదా, ఆ వాక్యం మీరే సరిచెయ్యండి" అన్నాడు. ఆరేళ్ల కిందటి పోట్లాట ఒక్క నిమిషంలో తేలిపోయింది.

ఉత్తరం రాసినామెకి చిన్నాయన ఆ రోజే జవాబు రాశాడు. ఆ ముక్క మూలంలో లేదని, మీ ఆయన చెప్పిందే నిజమని.

కానీ వాక్యం కుదరలేదు. పెద్దాయన చేసిన అనువాదం ఫైల్లో లేదు. సంఘం మార్చిన ప్రతి తయారయ్యాక పాతది చింపేశారు. అది ఎలా ఉండేదో చిన్నాయనకి గుర్తు రాలేదు. రాసి కొట్టేస్తూ మూడు రోజులు కూర్చున్నాడు. కలిపినదాన్ని తీసెయ్యగానే ముందున్న మాటలు కూడా పట్టు తప్పాయి. నాలుగో రోజు మధ్యాహ్నం కాగితాలు సంచిలో పెట్టుకుని, మార్కెట్టు చుట్టూ తిరక్కుండా నేరుగా నడిచాడు.

తలుపు తీసింది కూతురే. పని మీద వచ్చానన్నాడు. ఆమె ఆశ్చర్యపోలేదు, రమ్మనీ అనలేదు. "నాన్నకి చెప్తాను, ఉండండి" అని లోపలికి వెళ్లింది. గుమ్మంలో అతను చాలాసేపు నిలబడ్డాడు.

పెద్దాయన గోడవైపు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఇస్త్రీ చేసిన చొక్కా మెడ దగ్గర వదులుగా వేలాడుతోంది.

"రండి. కూర్చోండి" అన్నాడు.

పద్దెనిమిదేళ్లలో ఆయన నోట ఆ బహువచనం తన కోసం రావడం చిన్నాయన ఎన్నడూ వినలేదు. ఒరేయ్ అని తిట్టినా నిలబడి పడేవాడు. ఈ మర్యాద ముందు ఏం చెయ్యాలో తెలియక కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఆరోగ్యం ఎలా ఉందండీ?"

"ఉంది. పని మీద వచ్చారని మా అమ్మాయి చెప్పింది. ఏ పని?"

చిన్నాయన ఉత్తరం సంగతి చెప్పాడు. పెద్దాయన దాన్ని మొత్తం చదివించుకున్నాడు. "పక్కనుంచి అందించారు" అన్న చోట ఆపించి, మళ్లీ చదవమన్నాడు. తర్వాత పాట చివరి చరణాన్ని హెబ్రీలో మెల్లగా చెప్పాడు. ఒక్క అక్షరం తడబడలేదు.

"మీరేం రాశారు?" అని అడిగాడు.

"నాకు తెలిసినవాళ్లంతా చీకటిలో ఉన్నారు."

"ఉన్నారు అని అక్కడెక్కడుంది? క్రియ లేదు కదా."

"లేదండీ."

"వాళ్ల భాషకి అక్కడ క్రియ అక్కర్లేదు. మనకీ అక్కర్లేదు. వాడు మా తమ్ముడు అంటాం, సరిపోతుంది. ఇద్దరికీ అక్కర్లేనిది మధ్యలో మీరెందుకు తెచ్చారు? ఇంకా ఏమున్నాయి?"

"చీకటే నాకు చుట్టం."

"చుట్టం అంటే వచ్చి పోయేవాడు. ఇది పోయేది కాదు." అంటున్నప్పుడు పెద్దాయన పెదవి ఒక పక్కకి కొంచెం కదిలింది. నవ్వో కాదో తెలియలేదు. "ఇంకా?"

"తెలిసినవాళ్లంటూ నాకు మిగిలింది చీకటే."

"మిగిలింది కూడా మీదే, ఆయనది కాదు. పైగా చీకటే అని ఆ ఏకారం ఒకటి. ఏకారం పెడితే ఏడుపు వినపడుతుంది. ఆయన ఏడవడం లేదండీ. ఏడవడం పైనెక్కడో అయిపోయింది. ఇక్కడ చెప్తున్నాడంతే."

గంటసేపు అలాగే ఒక్కో మాటా తీసుకుంటూ, పారేస్తూ వచ్చారు. చివరికి మిగిలింది మూడు మాటలు. నాకు తెలిసినవాళ్లు, చీకటి. మధ్యలో చదివేవాడు ఆగేట్టు ఒక చిన్న గీత పెట్టమన్నాడు పెద్దాయన. చిన్నాయన రాసుకుని పైకి చదివాడు. పెద్దాయన తలూపాడు.

"ముందుమాటలో మీ పేరు వేయిస్తాను" అన్నాడు చిన్నాయన.

"వద్దు."

"ఆ రోజు నేను..."

"ఆ రోజు మీరు చెయ్యెత్తారు. అప్పటికి నాకు కళ్లు బాగానే కనపడేవి."

కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చిన్నాయన తలెత్తలేకపోయాడు.

"చెయ్యెత్తినందుకు కాదు. అభిప్రాయం అన్నాక ఎవరిది వాళ్లది" అన్నాడు పెద్దాయన. "మర్నాడు వస్తావని చూశాను. పొద్దున్నంతా తలుపు తీసే పెట్టాను." ఒక క్షణం ఆగాడు. "వస్తారని చూశాను" అని దిద్దుకున్నాడు. తర్వాత, మాత్రలు వేసుకునే వేళయిందని కూతుర్ని నీళ్లడిగాడు.

చిన్నాయన లేచి నిలబడ్డాడు. క్షమించమన్న మాట గొంతు దాకా వచ్చింది. అది ఇప్పుడు చెప్తే ఎవరి బరువు దించుకోవడానికో అతనికే తెలిసిపోయింది. "మళ్లీ వస్తానండీ" అన్నాడు. వద్దని పెద్దాయన అనలేదు.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాడు. ప్రూఫు వచ్చినప్పుడు ఒకసారి. అప్పుడు పెద్దాయన పాటంతా చదివించుకుని, పై చరణంలో ఒక విభక్తి సరిచేశాడు. పని అయిపోగానే కుర్చీలో వెనక్కి వాలాడు. చిన్నాయన ఇంటి సంగతులు, ఆఫీసు సంగతులు ఎత్తుకుంటే, "అలాగా" అన్నాడు. రెండోసారి వెళ్లినప్పుడు కూతురు గుమ్మంలోనే, "నిద్రపోతున్నారు" అంది. లోపల రేడియో చిన్నగా మోగుతోంది.

పుస్తకం ముద్రణ పూర్తయి, కట్టలు ఆఫీసుకి చేరిన గురువారం నాడు చిన్నాయన మొదటి ప్రతి తీసుకుని బయలుదేరాడు. ఆ ఇంటి ముందు చెప్పులేవీ లేవు. ముందుగది ఖాళీగా ఉంది. గోడవైపు కుర్చీని ఎక్కడికో జరిపేశారు. కూతురు నేల తుడుస్తోంది. అతన్ని చూసి గుడ్డ బకెట్లో వేసి, చేతులు తుడుచుకుంది.

"మొన్న మంగళవారం పోయారండీ. ఆ సాయంత్రమే అన్నీ అయిపోయాయి."

"నాకు చెప్పలేదేమ్మా" అన్నాడు.

"ఎవరెవరికి కబురు పెట్టాలో నాన్న ముందే నాచేత రాయించారు. తొమ్మిది మంది. అందులో మీరు లేరండీ." ఆమె గొంతులో కోపం లేదు. అలసిపోయి ఉంది. "మర్చిపోయారేమోనని నేనే అడిగాను కూడా. లేదమ్మా, మర్చిపోలేదు అన్నారు."

పుస్తకం ఇవ్వాలో వద్దో అతనికి తెలియలేదు. ఆమే చెయ్యి చాపి తీసుకుంది. తెరిచి చూడలేదు. కిటికీ గట్టు మీద మందుల సీసాల పక్కన పెట్టింది. "నేల తడిగా ఉంది, చూసుకుని దిగండి" అంది.

చిన్నాయన ఆఫీసుకి వెళ్లలేదు. బస్టాండులో రెండు బస్సులు వచ్చి వెళ్లేదాకా కూర్చుని, మూడోదెక్కి ఇంటికొచ్చాడు. ఆ వేళకి ఎప్పుడూ రాని మనిషి రావడం చూసి భార్య కుట్టు మిషను ఆపింది.

"ఏమైంది?" అంది.

"పెద్దాయన పోయాడు."

"అయ్యో. ఎప్పుడు?"

"మంగళవారం."

ఆమె ఏదో అడగబోయింది. గోడ మీది క్యాలెండరు వైపు చూసింది, మళ్లీ అతని వైపు చూసింది. ఇంకేమీ అడగకుండా లేచి వెళ్లి, గ్లాసుతో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది.