అరుపుల ప్రిస్కిల్లా

మూడో దెబ్బ పొట్టలో పడింది. ప్రిస్కిల్లా మైకు ముందు నడుం వంచి, ఊపిరి సగంలో తెంపి మూలిగింది. నాలుగోది దవడకి. ఐదోసారి మెట్ల మీంచి తోసేశారు. పదకొండు మెట్లు, పదకొండు రకాల మూలుగులు. అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు వేణు బొటనవేలు ఎత్తి చూపించాడు. తెర మీద వెన్ సూయిన్ నెత్తురు ఉమ్మేసి లేచి నిలబడింది. ప్రిస్కిల్లా సొట్టలు పడ్డ స్టీలు ఫ్లాస్కు మూత తిప్పి, రెండు గుక్కలు మిరియాల నీళ్లు తాగి, మళ్లీ దెబ్బలు తినడానికి సిద్ధమైంది.

రాయదుర్గంలో అద్దాల మేడల వెనక సందులో, నాలుగో అంతస్తులో ఉంది ఆ డబ్బింగ్ స్టూడియో. చైనా కొట్లాట సినిమాలకు అక్కడ తెలుగు పెడతారు. సూయిన్ ఆ దేశంలో పెద్ద తార. ఆమె తెలుగులో మాట్లాడేది కృష్ణప్రియ గొంతుతో. కృష్ణప్రియది సున్నితమైన గొంతు, అరిస్తే పాడవుతుంది. అందుకని మాటలు ఆవిడవి, అరుపులు ప్రిస్కిల్లావి. పదకొండేళ్లలో ఎనిమిది సినిమాలు చేసినా సూయిన్ నోట ప్రిస్కిల్లా ఒక్క మాట కూడా పలికింది లేదు. టైటిల్స్‌లో పేరూ లేదు. స్టూడియోలో కొత్తగా చేరినవాళ్లు "అరుపులావిడ వచ్చిందా?" అని అడిగేవారు.

నలభై మూడేళ్ల మనిషి. పొట్టి, కాస్త బొద్దు. ఎండాకాలమైనా మెడ చుట్టూ నూలు చున్నీ ఉండాల్సిందే, గొంతు కాపాడుకోవడానికట. ఎడమ చెవి వెనక పాత కుట్లు. కుడిచేతి చిటికెనవేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. వేణు ఆ వేలిని ఏళ్ల తరబడి చూస్తున్నాడు. అడగాలనుకునేవాడు, ఈలోగా తర్వాతి సీను వచ్చేసేది.

"గీ లాస్ట్ సీన్ల అరుపు లేదక్కా," అన్నాడు వేణు హెడ్‌ఫోన్లలో. "వాడు గొంతు వట్టుకుంటడు. గొంతు వట్టుకుంటే అరుపు యాడికెల్లి వస్తది? ఆఖర్ల జర ఊపిరి. గంతే."

అయిదు టేకులు కుదరలేదు. ఆరోసారి ప్రిస్కిల్లా కళ్లు మూసుకుని, చున్నీ జరిపి, తన గొంతు తనే చేత్తో బిగించి పట్టుకుంది. తెర మీద సూయిన్ కాళ్లు కొట్టుకుని ఆగిపోయాయి. మైకులో పడింది చిన్న ఊపిరి, కొవ్వొత్తి ఆర్పేటంత.

వేణు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. "భయమైందక్కా," అని, జేబులోంచి తాడున్న పాసొకటి తీశాడు. "మూడు గంటలకు సినిమా ప్రచారానికి మాల్‌ల ఆమె వస్తది, సూయిన్. నాకు పనుంది, నువ్వు పో."

ఆ ముఖాన్ని ఒక్కసారి దగ్గరగా చూడాలని ప్రిస్కిల్లాకు ఎన్నేళ్లుగానో ఆశ. ఆలస్యమైతే ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసు. తెలిసే వెళ్లింది.

ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. నిజాంపేటలో అయిదంతస్తుల అపార్టుమెంటు, అందులో మూడో అంతస్తు. తొమ్మిదేళ్ల కిందట ఆ ఇంట్లో దిగిన వారానికే భర్త దేవరాజు కుక్కర్ మూతతో కొట్టాడు. అన్నం మెత్తబడిందని. ఆమె అరిచిన అరుపుకి వాచ్‌మన్ చంద్రయ్య కర్ర పట్టుకుని పైకి పరిగెత్తాడు. వెనకే రెండిళ్ల వాళ్లు. తలుపు తెరుచుకుంది. దేవరాజు మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, మొదటి వారం. ప్రిస్కిల్లాకు సిగ్గేసింది. పెదవి తుడుచుకుని నవ్వింది.

"ఏం లేదు బాబాయ్. సినిమాకి ప్రాక్టీసు."

నమ్మరేమోనని ఇంకో అరుపు అరిచి చూపించింది కూడా. అందరూ నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. పరువు నిలబడింది. ఆ రెండో అరుపుతోనే ఆ ఇంటి తలుపుకి బయటినుంచి గడియ పడిందని ఆమెకు అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత ఎవరూ పైకి రాలేదు. పిల్లల పరీక్షలప్పుడు కింది ఫ్లాటు హరిత మాత్రం మర్యాదగా ఫోన్ చేసేది, కాస్త మెల్లగా ప్రాక్టీసు చేసుకోమని. దేవరాజు బయట మెత్తటి మనిషి. ఆఫీసు క్యాబ్ నడుపుతాడు, లిఫ్టు దగ్గర ముసలివాళ్ల సంచులు మోస్తాడు, ఆదివారం చర్చిలో కుర్చీలు సర్దుతాడు. ఇలాంటివాణ్ణి ఎవరు మాత్రం అనుమానిస్తారు?

మాల్ కిటకిటలాడుతోంది. ప్రిస్కిల్లా వెనక స్తంభం పక్కన నిలబడింది. సూయిన్ వేదిక మీదికి వచ్చింది. తెర మీద తాటిచెట్టంత కనబడే మనిషి తీరా చూస్తే తనంతే ఎత్తు. యాభై దాటింది. ఒక భుజం రెండోదానికన్నా కిందికి దిగి ఉంది. ముప్పై ఏళ్లు నేలకి కొట్టించుకున్న ఒళ్లు అది. ప్రిస్కిల్లాకు ఎందుకో ఏడుపొచ్చింది.

యాంకరు ఆమె సినిమా తెలుగు డబ్బింగ్‌లోంచి ఒక ముక్క వేయించాడు. పెద్ద స్పీకర్లలో ప్రిస్కిల్లా అరుపు మాలంతా మోగింది. జనం ఈలలు వేశారు. సూయిన్ నవ్వు ఆగిపోయింది. పక్కనున్న దుబాసీ అమ్మాయి వైపు తిరిగి ఏదో అడిగింది. ఆ అమ్మాయి తటపటాయించి మైకు తీసుకుంది.

"ఇది నటన కాదు అంటున్నారు. ఈ గొంతు ఎవరిది, ఆమెను ఎవరు కొడుతున్నారు అని అడుగుతున్నారు."

జనం గొల్లున నవ్వారు. వేదిక మీదున్న కృష్ణప్రియ చేతులు జోడించింది. "అంతా ప్రాక్టీసేనండి."

సూయిన్ నవ్వలేదు. కృష్ణప్రియ ముఖంలోకి ఒకసారి చూసి, తర్వాత జనంలోకి చూడసాగింది, ఎవరికోసమో వెతుకుతున్నట్టు. స్తంభం పక్కన ప్రిస్కిల్లా చెయ్యెత్తింది. "నేనండి," అంది. పాట మొదలైంది. ఆ రెండు ముక్కలూ పక్కవాడికి కూడా వినబడలేదు.

తొమ్మిదేళ్లుగా గోడ అవతలివాళ్లు అడగని మాటని భాష రాని మనిషి అడిగింది. ప్రిస్కిల్లా మాల్ మెట్ల మీదే కూర్చుని తెల్లాపూర్‌లో ఉన్న అక్కకి ఫోన్ చేసింది.

"మార్తక్కా, వచ్చేస్తున్నా. ఇవాళే. వాడి దగ్గర ఇంక ఉండను."

"తలుపు తీసే ఉంచుతానే," అంది మార్తమ్మ.

నిజాంపేట చేరేసరికి అయిదున్నర. దేవరాజు రాత్రి డ్యూటీకి బయల్దేరేది ఆరున్నరకి. వాడు వెళ్లాక పైకి పోవచ్చు. కానీ వెళ్లేటప్పుడు బయట తాళం వేసి తాళంచెవి తీసుకుపోతాడు. ఆమెకు వేరే తాళంచెవి ఇవ్వలేదు. లోపల సర్టిఫికెట్లు, బైబిలు, అమ్మ ఫొటో ఉన్నాయి. గేటు దగ్గర స్టూలు మీద చంద్రయ్య రేడియో వింటున్నాడు.

"బాబాయ్, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

"ఏ రోజు బిడ్డా?"

"కర్ర పట్టుకుని పైకొచ్చావు చూడు, ఆ రోజు. అది ప్రాక్టీసు కాదు. ఎప్పుడూ కాదు." చున్నీ పక్కకి జరిపి మెడ మీద కమిలిన గుర్తులు చూపించింది.

ముసలాయన చూసి తల దించుకున్నాడు. "గిన్నేండ్ల సంది నేను కిందనే ఉన్నగదమ్మా," అన్నాడు.

"పది నిమిషాలు బాబాయ్. సంచి సర్దుకుని దిగిపోతాను. నా అరుపు వినబడితే మాత్రం పైకి రావాలి."

"వస్త. పానం వోయినా వస్త. నువ్వు అరువకుంటె?"

ఆమె నవ్వింది. "అరవకుండా ఎలా ఉంటాను? నా పనే అది."

చేతిలోని ఫ్లాస్కు స్టూలు పక్కన పెట్టింది. దిగేటప్పుడు సంచికి చేతులు ఖాళీగా ఉండాలి కదా. చంద్రయ్య రేడియో కట్టేసి, కర్ర ఒళ్లో పెట్టుకుని చెవులు రిక్కించాడు.

పైన దేవరాజు నిద్రలేచి ఉన్నాడు. బీరువా తెరవడం, సంచిలో బైబిలు పెట్టడం గుమ్మంలో నిలబడి చూశాడు. మెడలో వేలాడుతున్న పాసు తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజి, గోడకు అదిమి, రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. ప్రిస్కిల్లా నోరు తెరిచింది. పదకొండేళ్లు వందల దెబ్బలకు పలికిన గొంతు పలకలేదు. పొద్దున వేణు చెప్పిన మాట గుర్తొచ్చింది. కింద స్టూలు మీదున్న ముసలాయన గుర్తొచ్చాడు. కాలితో బీరువా తలుపు తన్నబోతే కాలు అందలేదు. ఆఖర్న చిన్న ఊపిరి. వినేందుకు మైకు లేదు.

ఆరున్నరకి దేవరాజు తల దువ్వుకుని, చొక్కా టక్ చేసుకుని కిందికి దిగాడు.

"అమ్మ యాడ సార్?" అన్నాడు చంద్రయ్య లేచి నిలబడి.

"తలనొప్పని పడుకుంది బాబాయ్. లేపకు." క్యాబ్ గేటు దాటి వెళ్లిపోయింది.

చంద్రయ్య మూడో అంతస్తు వైపు చూశాడు. లైటు వెలగలేదు. గంటసేపు ఊపిరి బిగబట్టి విన్నాడు, చీమ చిటుక్కుమన్నా వినేవాడే. అరుపు రాలేదు. మనసు మార్చుకున్నట్టుంది, పోనీలే, ఇయ్యాల దెబ్బలైతే పడలేదు అనుకుని కర్ర గోడకి ఆనించాడు. నిద్ర లేచాక తాగుతుందని, చల్లారిపోయాయేమో చూద్దామని ఫ్లాస్కు మూత తిప్పాడు. మిరియాల నీళ్లలోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.