పొయ్యి మీది దూలం

దేవకుమార్‌కి ఆ దూలం మీది గీతలు మొదటిరోజే కంట్లో నలుసయ్యాయి. గుండ్రటి గీత, అందులో ఆరు రేకుల పువ్వు. అలాంటివి మూడు. సాక్షాత్తూ ముగ్గే!

అమెరికాలో హెర్న్‌డన్ ఊరి శివార్లలోని ఆ భవనం ఒకప్పుడు ఇంగ్లండులో పల్లెటూరి పబ్బు. దాని యజమానురాలు మిసెస్ హాలోవే తాతగారు నాలుగు వందల ఏళ్ళనాటి ఆ కట్టడాన్ని కొయ్యకి కొయ్య విప్పించి, ఓడలో తెప్పించి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. తలకి తగిలేంత కిందికి దూలాలు, వంకర గోడలు, మనిషి లోపల నిలబడగలిగేంత పెద్ద పొయ్యి, దాని నెత్తిన అడ్డంగా ఆ ఓక్ దూలం. పిల్లల్లేని ఆ ముసలావిడ దాన్ని తెలుగు చర్చికి అమ్మడానికి ఒప్పుకుంది. ఆరేళ్ళుగా స్కూలు జిమ్‌లో బాస్కెట్‌బాల్ వలల కింద ఆరాధన చేసుకుంటున్నవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? సంతకాలు సోమవారం. శుభ్రం చేసుకోమని తాళాలు ముందే ఇచ్చింది. "పొయ్యి జోలికి మాత్రం పోకండి" అంది.

సంఘపెద్ద దేవకుమార్ బీరు వాసన పోవాలని మూడుసార్లు నేల కడిగించాడు. అయినా ఆ ముగ్గు అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. శనివారం చెక్కని అరగదీసే సాండర్ రెంట్‌కి తెచ్చాడు.

"ఏవండీ, ఆవిణ్ణి ఒక్క మాట అడిగితే పోయేదేముంది?" అంది భార్య లూసీ.

"ముగ్గంటే ఆవిడకేం తెలుసు లూసీ? దేవుని మందిరంలో ఇదేంటని రేపు మనవాళ్ళు నన్నే అడుగుతారు. అయినా పొయ్యిని టచ్ చెయ్యట్లేదుగా, పైనున్న చెక్క కొంచెం క్లీన్ చేస్తున్నానంతే."

గంటలో దూలం నున్నగా తయారైంది.

సోమవారం ఉదయం మిసెస్ హాలోవే కాగితాలు పట్టుకుని వచ్చింది. పొయ్యి ముందు కొయ్యబారిపోయింది. కాగితాలు జారి కిందపడ్డాయి. చేత్తో దూలమంతా తడిమింది.

"ఏవి?"

దేవకుమార్ దగ్గరికి వచ్చాడు. "అవి... హిందూ గుర్తులనుకున్నాను."

"పొగగొట్టంలోంచి దుష్టశక్తి లోపలికి రాకుండా ఆ ఊరి వడ్రంగి గీసినవి. వాళ్ళూ ఆదివారం చర్చికి వెళ్ళినవాళ్ళే. మా తాతయ్య ఈ భవనమంతా మోయించుకొచ్చింది ఆ మూడు పువ్వుల కోసం."

దేవకుమార్‌కి అప్పుడర్థమైంది. దెయ్యాన్ని ఆపడానికి గీసిన గీతల్ని దెయ్యానివే అనుకుని తన చేత్తో తనే చెరిపేశాడు!

"ఆ చెక్కపొట్టు ఎక్కడుంది?" అందావిడ.

లూసీ పరిగెత్తి వాక్యూమ్ సంచి తెచ్చిచ్చింది. ఆవిడ దాన్ని గుండెకి హత్తుకుని, కిందపడ్డ కాగితాలన్నీ ఏరుకుంది. తర్వాత ఖాళీ చెయ్యి ముందుకి చాపింది.

దేవకుమార్ జేబులోంచి తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు.