బిర్యానీ పౌరుడు

నా దేశం పేరు పిట్టగోడ. మియాపూర్‌లో నేను కిరాయికి ఉంటున్న ఫ్లాట్ బాల్కనీయే దాని మొత్తం భూభాగం. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. పగలంతా హైటెక్ సిటీలో ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ బాల్కనీకి ప్రెసిడెంటునవుతాను. నాకు జెండా ఉంది, రాజ్యాంగం ఉంది, దేశంలో ఏం జరిగిందో చెప్పే గెజిట్ కూడా ఉంది. దాన్ని ప్రతి శనివారం మా గ్రూపులో పెడతాను.

మా గ్రూపంటే చిట్టిదేశాల సమాఖ్య. ఈ ఐటీ కారిడార్‌లో నాలాంటి తిక్కవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకరికి మేడమీద గది దేశం, ఒకరికి కారు పార్కింగు దేశం. ఉత్తప్పుడు అందరూ మర్యాదస్తులే. దేశాల మాట వచ్చిందంటే మాత్రం తిట్ల దండకం ఎత్తుకుంటారు. జెండా గీసి ఊరుకున్నవాడు జెండాగాడు. జనం లేకుండానే వీసాలూ స్టాంపులూ తయారుచేసుకునేవాడు ముద్రల మారాజు. ఒక్కరే పౌరుడున్న దేశం ఒంటికాయ. ఒంటికాయ శొంఠికొమ్ము అంటారు కదా, అందులోంచి తీశారు. మొదటి రోజు నుంచీ ఆ పేరు మోస్తున్నది నేనే.

పెట్టిన మహానుభావుడు గోవిందప్ప గారు. ఖాజాగూడలో వాళ్ల ఇంటి వెనకున్న పెద్ద బండలే ఆయన దేశం, గుండురాజ్యం. భార్య, పిల్లలు, బావమరుదులు అంతా కలిసి పౌరులకు కొదవలేదు. నా గెజిట్ పడటమే ఆలస్యం, ఆయన తిట్టు దాని కిందే పడేది. "మీ దేశంల ఇద్దరు నిలబడితే మూడోటోడు వీసా పట్టుకొని వంటింట్ల నిలబడాలె" అని ఒకసారి రాశారు. గ్రూపంతా నవ్వింది. నేను ఆ పూట అన్నం తినలేదు.

ఈ ఏడు సమాఖ్య కొత్త నియమం పెట్టింది. ఒంటికాయల్ని మ్యాపులోంచి తీసేస్తారట. ఉండాలంటే ఆదివారం మీటింగులో రెండో పౌరుణ్ని చూపించాలి. ఊరికే చూపిస్తే సరిపోదు. వెనక ఒకాయన బిర్యానీ ఆశ పెట్టి రూమ్మేట్లను పౌరులంటూ పట్టుకొచ్చాడు. అప్పట్నుంచి అలాంటివాళ్లను బిర్యానీ పౌరులంటాం. వాళ్లను పట్టుకోవడానికే తిట్ల పరీక్ష పెట్టాం. సభలో ఆ దేశాన్ని తిడతారు. తిడితే తనంతట తనకు కోపం వచ్చినవాళ్లు ఆ దేశపు మనుషులే. నవ్వారో, బిర్యానీ.

మ్యాపులోంచి పోతే మునిగిందేముందని మీరనొచ్చు. మ్యాపులో లేనివాళ్లకు గ్రూపులోనూ చోటుండదు. పోయిన దేశాన్ని ఆ తర్వాత ఎవరూ తిట్టరు కూడా. ఈ ఊళ్లో ఆఫీసు కాకుండా నాకంటూ ఉన్నది ఆ గ్రూపొక్కటే. అది పోతుందంటే నిజంగా భయం వేసింది.

గత్యంతరం లేక, బిర్యానీ పెట్టిస్తానని మా టీంలో నితీష్‌ని బతిమాలాను. "కోపం రావాలె, గంతేగా? ఫికర్ చెయ్యకక్కా, నా మొహమే గట్లుంటది" అన్నాడు.

మాదాపూర్‌లో ఒక చాయ్ హోటల్ పైఅంతస్తులో మీటింగు. గోడకు మ్యాపు. దాని పక్కన సమాఖ్య కార్యదర్శి హర్షిణి, చేతిలో పేర్లు చెరిపే వైట్‌నర్ సీసా. "పిట్టగోడ" అని పిలిచింది. తిట్టడానికి గోవిందప్ప గారే లేచారు.

"ఏంది బాబూ, మీ దేశంల చీపురు ఆడిస్తే సగం చెత్త పక్కదేశంల పడ్తదట గదా?"

నితీష్ పెదవులు బిగబట్టాడు. ముక్కుపుటాలు అదిరాయి. ఇంకాస్త ఓర్చుకోరా నాయనా అని లోపల ప్రార్థన చేసుకున్నాను. వాడు పకాల్న నవ్వేశాడు.

"బిర్యానీ!" అని సభంతా ఒక్క గొంతుతో అరిచింది.

"సారీ రూబీ" అంటూ హర్షిణి వైట్‌నర్ మూత తీసింది. నేను ఎవరి మొహమూ చూడకుండా బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టాను.

పాపం, నితీష్‌కి నన్ను ఓదార్చాలనిపించింది. "లైట్ తీస్కో అక్కా. అదొక దేశమా చెప్పు? బట్టలారేసుకునే జాగా. పావురాల పెంట తప్ప ఏమున్నదని గింత పరేషాన్ అయితున్నవ్?"

దబ్బున ఒక కుర్చీ వెనక్కి పడింది. గోవిందప్ప గారిది.

"ఏయ్ పిలగా, నోరు జర అదుపుల పెట్టుకో! ఏమున్నదంటవా? పావురం గుడ్లు పెట్టిందని సరిహద్దు మూసి, పిల్లలు ఎగిరిపోయేదాక బట్టలు ఇంట్ల ఫ్యాను కింద ఆరేసుకున్నది ఈ బిడ్డ. ఏ దేశమన్న చేసిందా గట్ల? ఆ జెండాకు అతుకు ఎందుకున్నదో ఎరుకేనా నీకు? గాలిదుమారంల చినిగితే కొత్తది కుట్టలే. అతుకేసి అదే ఎగరేసింది. తెల్వకుంటే తెల్వనట్టుండాలె!"

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అవన్నీ నా గెజిట్లలో రాసినవే. వాటిని చివరిదాకా చదివే నాథుడు లేడనుకునేదాన్ని.

"అవన్నీ మీకెలా తెలుసండీ?" అన్నాను.

ఆయన తల దించుకుని కుర్చీ లేపుకున్నారు. "ఊకనే తిట్టొస్తదా? మంచిగ తిట్టాల్నంటే మొత్తం చదవాలె గదా."

హర్షిణి సీసాకు మూత పెట్టేసింది. "గోవిందప్ప సార్, మీకు కోపమొచ్చిందా?"

"నాకెందుకొస్తది కోపం?" అని హోటలంతా అదిరేలా అరిచారు.

"ఎవరూ అడక్కుండనే వచ్చింది సార్. నియమం ప్రకారం మీరు పిట్టగోడ పౌరులు."

"నేనొక రాజ్యానికి రాజును!"

"రాజు ఇంకో దేశంల పౌరుడు కావొద్దని ఎక్కడా రాసుకోలే మనం."

సభ బల్లలు చరిచింది. అందరికన్నా గట్టిగా చరిచింది నితీష్. వాడికి ఎంత అర్థమైందో గానీ బిర్యానీ మాత్రం వదలకుండా తిని వెళ్లాడు.

ఆ పై ఆదివారం గోవిందప్ప గారు ప్రమాణం చెయ్యడానికి మా ఫ్లాటుకు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. వెంట భార్య సీతాబాయి గారు. హాల్లోంచి నడిచి బాల్కనీ గడప దగ్గర ఆగిపోయారు.

"రావచ్చునా?" అన్నారు. ముఖంలో నవ్వు లేదు.

ఇంటి ఓనరు, ఏసీ మెకానిక్, కేబుల్ అతను, అందరూ ఆ బాల్కనీలోకి తోసుకుని వచ్చినవాళ్లే. అడిగినవాళ్లు లేరు.

సీతాబాయి గారు నా చెయ్యి పట్టుకున్నారు. "శనివారం వస్తే మా ఇంట్ల నీ ముచ్చటే బిడ్డా. నీ కుండీల మొదటి టమాట కాసిన దినం ఈయన మాకందరికి జిలేబి తెచ్చి పెట్టిండు."

"ఊకోవే, గవన్ని ఎందుకిప్పుడు?" అని ఆయన మొహం అటు తిప్పుకున్నారు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సంతోషంతోనే ఏడుస్తున్నాను. ఆయనకు జవాబు చెప్పడం కూడా మరిచిపోయాను. పాపం, నేను రమ్మనేదాకా ఆయన ఆ గడప ఇవతలే నిలబడి ఉన్నారు.