ఉప్పునీళ్ల నాలుక

పిచ్చుక నిన్నటి నుంచి ఏమీ మింగలేదు. ఆరేళ్ల పిల్ల, గొంతులో టాన్సిల్ గడ్డలు కోసి తీశారు. "చల్లగా ఏదైనా పెట్టండి. సాయంత్రానికీ దిగకపోతే తీసుకొచ్చేయండి, సూదితో సెలైన్ ఎక్కిస్తాం" అన్నాడు డాక్టరు. సూది అంటే చాలు, పిల్ల మంచం కింద దూరుతుంది.

తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దున్న షిఫ్టు దిగి నేరుగా వంటింట్లోకే వెళ్లింది. షాపు పుల్ల ఐసు కొనదు. అందులో పండుండదు, కాగితం మీద పండు బొమ్మ ఉంటుంది. పిల్లలకి రంగునీళ్లు అమ్మేవాళ్లకి సిగ్గుండాలి.

మగ్గిన అరటిపళ్లు రెండు మెదిపింది. నానేసిన నాలుగు ఖర్జూరాల్లో ఒకటి నూరి వేసి, వేలితో నాకి చూసింది. తేనె! మిగతా మూడూ పక్కన పెట్టింది. నీళ్లు కలిపి, చిన్న గ్లాసుల్లో పోసి గడ్డ కట్టడానికి ఫ్రిజ్‌లో పెట్టింది.

మధ్యాహ్నం ఫ్రిజ్ తెరిచింది. తెల్లటి పొగ. లాండ్రీ ఆవిరి లాంటిదే, కాకపోతే కాలదు. అక్కడే కూలబడింది. పొగలో చొక్కాలు ఖాళీ చేతులు ఊపుతూ తేలిపోతున్నాయి. ఒక కాలరు పట్టుకుని పిచ్చుక వేలాడుతోంది, బరువే లేదు.

"వదినా! ఫ్రిజ్ బార్లా తెరిచి కునుకేంటి? ఊరంతా చల్లబరుద్దామనా?"

ఆడపడుచు. ఇద్దరూ గ్లాసు పట్టుకెళ్లారు. పిచ్చుక ఒక్కసారి నాకి, "చప్పగా" అని పెదాలు కదిపి గోడవైపు తిరిగింది.

ఆడపడుచు రుచి చూసింది. "ఇవి నీళ్లే కదా!"

"పొద్దున్న చూస్తే తేనెలా ఉందే!"

"లాండ్రీలో ఏం తాగావ్?"

"ఏముంది, ఉప్పునీళ్లే. తాగకపోతే ఆ వేడికి కళ్లు తిరిగి పడతాం."

"అదీ సంగతి! ఉప్పు నాలుకకి మంచినీళ్లూ తియ్యగానే ఉంటాయి. పైగా గడ్డకడితే ఉన్న తీపీ చస్తుంది. ముందు నోరు పుక్కిలించు."

"చక్కెర వెయ్యనా?"

"ఆ మూడు ఖర్జూరాలు ఏం పాపం చేశాయి?"

అంతా కరిగించి, ఆ మూడూ నూరి కలిపారు. పుక్కిలించిన నోటితో చూస్తే వెగటు పుట్టేంత తీపి. త్వరగా గట్టిపడాలని పళ్లెంలో పలుచగా పోశారు. కిటికీ ఎండ మంచం దాకా జరిగేసరికి చెంచాతో గీరితే మంచులా పొడిపొడిగా రాలింది.

పిచ్చుక నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. చిన్న గొంతు కదిలింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నోరు తెరిచింది. ఇంకో చెంచా. ఇంకోటి.

ఆడపడుచు పళ్లెం మీదికి వేలు చాపింది. పిచ్చుక రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నీకు లేదత్తా" అంది, బొంగురుగా.