ఆగస్టు మార్కులు

పరీక్ష పాసయినందుకు ఏడ్చిన మనిషిని ఎక్కడైనా చూశారా? మారిట్ కోస్కి ఏడ్చింది. మంగళవారం మధ్యాహ్నం, ఐస్ రింకు వెనకున్న స్నానాల గదిలో షవరు తిప్పుకుని, నీళ్ల చప్పుడు చాటున వెక్కివెక్కి ఏడ్చింది. అంతకు కాసేపటి ముందే ఆటగాళ్ల దెబ్బలు చూసుకునే టీము ట్రైనరు గెయిల్ ఆమె భుజం తట్టి, తల నిక్షేపంలా ఉందనీ, ఆగస్టులో ఎన్ని మార్కులు వచ్చాయో ఇప్పుడూ అన్నే వచ్చాయనీ, ఇక నిశ్చింతగా ఆడుకోమనీ చెప్పింది. ఏడుపంతా ఆ మాటకే.

సంగతేమిటంటే, ఏటా ఆగస్టులో సీజను మొదలవకముందు కాలేజీ ఐస్ హాకీ అమ్మాయిలందర్నీ కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. తెర మీద బొమ్మలు వచ్చిపోతుంటాయి. ఏవేవి వచ్చాయో గుర్తుపెట్టుకోవాలి, రంగు మారగానే మీట నొక్కాలి. బాగున్న తల ఎలా పనిచేస్తుందో ముందే తెలుసుకుని ఉంచుకోవడమన్నమాట. చలికాలంలో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెడతారు. మార్కులు తగ్గితే ఆట బంద్.

అందుకని ఆ టీములో ఒక ఆచారం పుట్టింది. పరీక్షకు ముందురోజు సరస్సు ఒడ్డున సాసేజీలు కాల్చుకు తింటూ సీనియర్లు కొత్త పిల్లలకు ఉపదేశం చేస్తారు. తెలిసినా తెలియనట్టు ఆగి నొక్కు, చూసినా చూడనట్టు ఊరుకో, మరీ అనుమానం రాకుండా చూసుకో అని. ఆగస్టులో మొద్దులా కనబడితే, ఆనక తల ఎంత మొద్దుబారినా మార్కుల్లో తేడా రాదు కదా. అందరూ పడీపడీ నవ్వుకుంటారు. మొదటి ఏడాది మారిట్ ఆ ఉపదేశం విన్నది. ఈ ఏడాది తనే చేసింది. కాలేజీ చదువులు చదివే పిల్లలు, తమ ఇంటికి తామే కన్నం వేసుకుంటున్నామన్న ఇంగితం ఒక్కదానికీ లేకపోయింది.

పోయిన శుక్రవారం మ్యాచ్‌లో రింకు చుట్టూ ఉండే గోడ దగ్గర పక్ కోసం, అంటే ఆ ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల కోసం, మారిట్ వంగింది. అవతలి టీము పిల్ల భుజంతో గుద్దింది. మారిట్ తల వెళ్లి గోడ పైనున్న అద్దానికి కొట్టుకుంది. తనంతట తనే లేచింది, మిగతా ఆటంతా ఆడింది, చివర్లో అందరితో కలిసి నవ్వుతూ ఫొటో దిగింది. మర్నాడు ఆ ఫొటో చూసేదాకా తామే గెలిచామన్న సంగతి ఆమెకు తెలియదు.

అప్పట్నుంచీ వెలుతురు చూడలేకపోతోంది. కళ్లు చిట్లించడం చూసి గెయిల్ పరీక్షకు రమ్మంది. ఈసారి మారిట్ నాటకమేమీ ఆడలేదు. పళ్లు బిగబట్టి, ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టింది. అయినా వచ్చింది ఆగస్టులో నటించి తెచ్చుకున్న మార్కులే. అప్పుడు వేసిన మొద్దు వేషం ఇప్పుడు నిజమై కూర్చుంది.

ఓ నెల ఆడకపోతే కొంపలేం మునుగుతాయంటారా? మునుగుతాయి. శుక్రవారం ఆమె జాతీయ జట్టు శిబిరానికి విమానం ఎక్కాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల జట్టులో ఆడింది. నిరుడు ప్రపంచ పోటీల్లో అమెరికా జెర్సీ తొడుక్కుని వెండి పతకం మెడలో వేసుకుంది. ఇది ఒలింపిక్స్ శీతాకాలం. ఈ శిబిరంలోంచే జట్టును తీస్తారు. తప్పితే మళ్లీ నాలుగేళ్లు ఆగాలి. డిఫెన్స్‌లో ఆమె చోటు కోసం బడి పిల్లలు అప్పుడే బారులు తీరి ఉన్నారు.

బుధవారం తల్లి డార్లీన్ కెనడా సరిహద్దు దగ్గరి సొంతూరి నుంచి కారు నడుపుకుంటూ దిగింది. కూతుర్ని విమానాశ్రయంలో తనే దింపుతానని పట్టు. డార్లీన్ చిన్నతనంలో ఆ ఊళ్లో ఆడపిల్లలకు జట్టే లేదు. జుట్టు హెల్మెట్టులోకి దోపుకుని మగపిల్లలతో ఆడింది. వాళ్లు కనికరించలేదు, ఆవిడ కనికరించమనీ అడగలేదు. బడి అయిపోగానే ఆటా అయిపోయింది, ఆడదానికి పైన ఇంకో మెట్టు లేదు గనక. కూతురికి ఆ మెట్టు దొరికింది. ఉమ్మితే గడ్డకట్టే చలిలో, తెల్లవారకముందే ఆ పిల్లని లేపి ఊరూరి రింకులకూ తిప్పి పెంచింది ఆవిడ.

ఆ మధ్యాహ్నం ప్రాక్టీసు చూస్తూ డార్లీన్ మెట్ల మీద కూర్చుంది. కోచ్ బోర్డు మీద గీతలు గీసి చూపించింది. మారిట్ నాలుగేళ్లుగా రోజూ ఆడుతున్న ఎత్తే అది. వరసలో తన వంతు వచ్చింది. పక్ కర్రకు తగిలింది. ఎటు వెళ్లాలో మారిట్‌కు తెలియలేదు. అలాగే నిలబడిపోయింది.

"ఏమే, ఇవాళ కదులుతావా, రేపొచ్చి చూడమంటావా?" అంది వరసలో వెనకనున్న టీము పిల్ల బ్రిన్. అందరూ నవ్వారు. మారిట్ కూడా నవ్వేసి, ముందు వెళ్లిన పిల్ల ఎటు తిరిగిందో చూసి అటే వెళ్లింది. మెట్ల మీద డార్లీన్ మాత్రం నవ్వలేదు.

ప్రాక్టీసయ్యాక కార్లో కూర్చుని డార్లీన్ ఫ్లాస్కులోంచి అడవి బియ్యం సూపు పోసిచ్చింది. కప్పు చేతిలో పట్టుకునే మారిట్ అంతా చెప్పేసింది. దెబ్బ, ఆగస్టు నాటకం, నిన్నటి మార్కులు, ఏదీ దాచలేదు. తల్లి వద్దంటుందనీ, ఇంటికి పోదాం పద అంటుందనీ లోలోపల ఆశపడింది. తను తీసుకోవాల్సిన నిర్ణయం తల్లి తీసేసుకుంటే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది.

"మొదటి వారం ఎవరికైనా అంతేనే," అంది డార్లీన్. "నాకు తగల్లేదా? ఒకటా, రెండా? కర్టెన్లు వేసుకుని పడుకునేదాన్ని, లేచి మళ్లీ ఆడేదాన్ని. ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

"తగ్గకముందే ఇంకోటి తగిలితే అమ్మా?"

డార్లీన్ ఫ్లాస్కు మూత తుడిచిందే తుడిచింది. తరవాత ఇంజను స్టార్టు చేసి, హీటరు పెంచింది. ఒక్క నిమిషం ఆగమని చెప్పి మారిట్ కారు దిగింది. లోపల ఏదో మరిచిపోయి ఉంటుందనుకుంది డార్లీన్.

గెయిల్ తన గదిలో ఐసు సంచులు సర్దుతోంది. మారిట్ నిలబడే చెప్పింది, కూర్చుంటే ధైర్యం చాలదని. గెయిల్ చేతిలోని ఐసు సంచి బల్ల మీద పెట్టేసింది. ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఎన్నేళ్ల నుంచి?"

"నాలుగేళ్లు. నేనొక్కదాన్నే కాదు."

"మీ తలలు నేను కాపాడుతున్నాననుకుని హాయిగా నిద్రపోయాను కదే," అంది గెయిల్. తిట్టి ఉంటే మారిట్‌కు కాస్త తేలికయ్యేది. ఆవిడ తిట్టలేదు. ఫోను తీసి, మారిట్ ఎదురుగానే జాతీయ జట్టు డాక్టరుతో మాట్లాడింది. నాలుగు ముక్కల్లో తేలిపోయింది. మారిట్ ఈసారి శిబిరానికి రాదు. టీములో అందరికీ పరీక్ష మళ్లీ పెడతానని కూడా చెప్పింది గెయిల్. రేపట్నుంచి టీములో తన ముఖం చూసేవాళ్లుండరని మారిట్‌కు అర్థమయింది.

మారిట్ కార్లోకి వచ్చి తలుపేసుకుని, గెయిల్‌కు అంతా చెప్పేశానంది.

డార్లీన్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఎదరకే చూస్తూ కూర్చుంది. "నా పదిహేనేళ్లు పట్టుకెళ్లి ఆవిడ బల్ల మీద పారబోసి వచ్చావు," అంది ఆఖరికి.

"ఆ జెర్సీ నాకు కావాలమ్మా. నీకంటే నాకే ఎక్కువ కావాలి. గుండె కోసేసినట్టుంది, నువ్వు కూడా అనకు."

"అంత పాడైపోయిందా నీ తల? సినిమాల్లో డాక్టర్లు అడుగుతారే, ఆ లెక్క చెప్పు చూద్దాం. వందలోంచి ఏడేడు తీసేసుకుంటూ రా."

"తొంభై మూడు," అంది మారిట్. "ఎనభై ఆరు." ఆ పైన ఏమీ లేదు. వెతికినకొద్దీ తలలో నొప్పి తప్ప ఏమీ దొరకలేదు.

"చిన్నపిల్లలు చెబుతారే ఇది," అని కసిరింది డార్లీన్. "ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది..." ఆగింది. పెదాలు కదిలాయి. స్టీరింగు మీది వేళ్లు ఒక్కొక్కటే మడిచింది, మళ్లీ తెరిచింది. ఈసారి కోపంగా, గబగబా వంద దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మళ్లీ డెబ్బై తొమ్మిది దగ్గరే ఆగిపోయింది. అందిద్దామంటే మారిట్‌కూ తెలియదు.

"పొయ్యి మీద కాఫీ పెట్టి మరిచిపోతున్నాను," అంది డార్లీన్ నెమ్మదిగా. "కొట్టుకెళ్లి ఎందుకొచ్చానో తెలియక వెనక్కొచ్చేస్తున్నాను. మీ నాన్న వయసు అన్నాడు. నాకు యాభై కూడా లేవు కదే."

మారిట్ తల్లి చేయి పట్టుకుంది. డార్లీన్ విడిపించుకోలేదు. కాసేపయ్యాక రెండో చేత్తో ఇంజను ఆపేసింది.

"ఆ గెయిల్ ఇంకా లోపలే ఉందా?" అని అడిగింది.