లియోనిలా టీచరమ్మ డిగ్రీ

సాన్ ఇల్దెఫోన్సో విశ్వవిద్యాలయ పూర్వవిద్యార్థుల సంఘం హాంకాంగ్ శాఖ తన ఇరవై అయిదేళ్ళ పండుగకి ఉత్తమ పూర్వవిద్యార్థిగా లియోనిలా బటికాడోస్‌ని ఎన్నుకున్నట్టు ప్రకటించగానే చర్చి హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అందరికన్నా ఆలస్యంగా నవ్వింది లియోనిలానే.

ఆ సంఘంలో బ్యాంకు ఉద్యోగులున్నారు, నర్సులున్నారు, ఓడల కంపెనీల్లో పనిచేసేవాళ్ళున్నారు. కానీ సగానికి పైగా ఇళ్ళలో పనికి కుదిరిన ఆడవాళ్ళు. టీచరు చదువులు చదివి, ఊళ్ళో వచ్చే జీతం చాలక, ఇక్కడ పరాయి పిల్లలకి అన్నం తినిపిస్తున్నవాళ్ళు. లియోనిలా కూడా అలాంటిదే. ఏడేళ్ళ కిందట ఆమె తనలాంటివాళ్ళ కోసం ఒక తరగతి మొదలుపెట్టింది. ఆదివారం ఉదయం తొమ్మిదికల్లా నగరం నడిబొడ్డున సెంట్రల్లో నడకవంతెన మీద అట్టపెట్టెలు విప్పి పరిచి, టీచరు లైసెన్సు పరీక్షకి చదివించేది. నలభై ఒక్కమంది పాసయ్యారు. పదకొండుమంది ఊరికి తిరిగెళ్ళి బళ్ళలో చేరిపోయారు. సంఘం పత్రిక రాసేదీ ఆమే. ఎవరికి పెళ్ళయింది, ఎవరి కొడుకు కాలేజీలో చేరాడు, ఎవరి తల్లి పోయింది, బౌలింగ్ పోటీలో ఎవరు గెలిచారు, అన్నీ ఆమె చేతి మీదుగానే జనానికి చేరేవి.

చేరని సంగతి ఒక్కటే. లియోనిలా డిగ్రీ పూర్తి చేయలేదు.

ఆఖరి సెమిస్టరులో, బడికెళ్ళి పాఠాలు చెప్పే శిక్షణ మొదలైన మూడో వారంలో వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చింది. కింద ముగ్గురు తమ్ముళ్ళు. హాంకాంగ్‌లో పనికి మనుషుల్ని పంపే ఏజెంటు ఇంటికొచ్చి కాగితాలు ముందు పెట్టాడు. వచ్చే ఏడు పూర్తి చేసుకోవచ్చులే అనుకుంటూ విమానం ఎక్కింది. ఇరవయ్యేళ్ళయింది. సంఘంలో చేరిన రోజు ఇచ్చిన దరఖాస్తులో పట్టా పొందిన సంవత్సరం రాయమని ఒక గడి ఉంది. వెనక వరసలో జనం తొందరపెడుతున్నారు. ఖాళీగా వదిలితే ఏమడుగుతారోనని 2003 అని రాసేసింది. ఆ తర్వాత పట్టా చూపించమని ఎవరూ అడగలేదు, ఆమె నిజం చెప్పలేదు. కాల్లో ముల్లు విరిగి, పైన చర్మం మూసుకుపోయినట్టయింది. నడవడానికి ఇబ్బంది లేదు. ఎక్కడో ఒకచోట నొక్కితేనే ప్రాణం విలవిల్లాడేది.

ఇప్పుడు సరిగ్గా అక్కడే నొక్కింది సంఘం.

"ఇందాయ్, చెల్లీ, నీ ఫోటో ఒకటి, నీ గురించి ఒక పేజీ నాకు పంపు" అంది అధ్యక్షురాలు మిలాగ్రోస్ సుమగాయ్‌సాయ్, సభ అయ్యాక. అరవయ్యేళ్ళ మనిషి. ఓడల కంపెనీలో మేనేజరు. చిన్నవాళ్ళందరికీ ఆమె మనాంగ్ మిలా, పెద్దక్క. "విశ్వవిద్యాలయం వాళ్ళు రికార్డులు సరిచూసుకుని ఫలకం మీద పేరు చెక్కిస్తారట. అక్కడి ఉపాధ్యక్షురాలే స్వయంగా వస్తోంది."

"నాకెందుకు మనాంగ్? నర్సు ఫెలిసిటాస్‌కి ఇవ్వండి. కోవిడ్ రోజుల్లో ఆవిడ ఎంత చేసింది!"

"ఆవిడకి వచ్చే ఏడు. చాల్లే సిగ్గు, పెళ్ళికూతురిలాగ."

ఆ పేజీ లియోనిలా రాయలేదు. విచిత్రమేమిటంటే, తర్వాతి రెండు ఆదివారాలూ మిలా కూడా అడగలేదు. ఎదురుపడితే ఎటో చూస్తూ, "తిన్నావా?" అని వెళ్ళిపోయేది. అడగకపోవడమే లియోనిలాకి ఎక్కువ భయం పుట్టించింది.

ఆ మధ్య ఒకసారి తరగతిలో చారితో అనే గలగలమనే పిల్ల ఒక మాట అంది. "మన మనీలాలో ఒక వీధి ఉంది టీచర్, పొద్దున ఆర్డరిస్తే సాయంత్రానికి పట్టా చేతిలో పెడతారు. మా బావ ఇంజినీరు అవుదామని వెళ్ళి, సంతకాలు ముద్దొచ్చాయని డాక్టరు పట్టా కూడా తెచ్చుకున్నాడు!" అందరూ పడీ పడీ నవ్వారు. బుధవారం నాడు, యజమానురాలు మిసెస్ క్వోక్ ఆఫీసుకెళ్ళాక, ఇస్త్రీ బల్ల ముందు నిలబడి లియోనిలా ఫోనులో ఆ వీధి తాలూకు నంబరొకటి వెతికి పట్టుకుంది. 'టీచరు డిగ్రీ, 2003' అని టైపు చేసింది. ఇస్త్రీపెట్టె కింద చొక్కా కాలర్ కమిలి వాసనొస్తే గానీ తెలివి రాలేదు. టైపు చేసిందంతా గబగబా తుడిచేసి, ఫోను సోఫా మీదికి విసిరేసింది. మొహం కడుక్కుంటూ అద్దంలోకి చూడలేకపోయింది.

మూడో ఆదివారం తరగతిలో వృత్తి ధర్మం పాఠం. ప్రశ్నల పుస్తకంలోంచి చారితో బిగ్గరగా చదువుతోంది. "ఒక ఉపాధ్యాయురాలు దరఖాస్తులో తన చదువు గురించి నిజం కానిది రాసింది. ఎవరికీ తెలియదు. పాఠాలు చక్కగా చెబుతుంది. ఆమె మొదట చేయవలసిన పని ఏది? నేనైతే మొదటి జవాబే పెడతాను టీచర్, మౌనంగా పని చేసుకుపోవడం. పిల్లలు చదువుకుంటుంటే కెలకడమెందుకు?"

"అబద్ధం ఆడొద్దని ఆ పిల్లలకి ఏ మొహం పెట్టుకుని చెబుతుందే?" అంది డెల్ఫా. రెండుసార్లు పరీక్ష తప్పి, మూడోసారికి పళ్ళ బిగువున చదువుతున్న మనిషి.

"చెప్పక్కర్లేదు. లెక్కలు చెప్పుకుంటుంది."

"నీ మొహం! టీచర్, జవాబు మీరు చెప్పండి."

జవాబు లియోనిలా ఒళ్ళో ఉన్న పుస్తకంలోనే ఉంది. పై అధికారికి తానే చెప్పుకోవడం. చదవకుండానే పుస్తకం మూసేసింది. "మిగతావి మీరు చేస్తూ ఉండండి, నాకు చిన్న పనుంది" అని లేచి చెప్పులేసుకుంది.

చర్చి హాలుకి పావుగంట నడక. లోపల పండుగ కోసం వెదురుగడల నాట్యం సాధన చేస్తున్నారు. మిలా వెనక వంటగదిలో ఒంటరిగా కోడిజావ కలుపుతోంది. ఆలోచిస్తే వెనక్కి తిరిగిపోతానని లియోనిలాకి తెలుసు. గుమ్మంలోనే అనేసింది.

"మనాంగ్, నేను డిగ్రీ పూర్తి చేయలేదు."

గరిటె ఆగిపోయింది. "ఏమన్నావు?"

"శిక్షణ మధ్యలో వచ్చేశాను. పట్టా లేదు. దరఖాస్తులో అబద్ధం రాశాను. ఇన్నేళ్ళూ మీకందరికీ అబద్ధమే చెప్పాను."

మిలా స్టవ్ ఆపింది. పక్కనున్న బియ్యం బస్తా మీద కూలబడింది. గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, "అమ్మయ్య!" అంది.

లియోనిలాకి అర్థం కాలేదు. మిలా చేతిసంచీ దగ్గరికి లాక్కుని, నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం తీసింది. విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఈ పేరు గలవారికి పట్టా జారీ కాలేదని అందులో ఉంది.

"ఇదొచ్చి పదహారు రోజులైంది. పదహారు రోజుల్నించి నాకు ముద్ద దిగట్లేదు. నిన్ను అడుగుదామంటే నోరు రాదు, చింపేద్దామంటే చెయ్యి రాదు. మా ఆయన బీపీ చూపించుకోమని ఒకటే గోల!"

"అడిగి ఉండాల్సింది మనాంగ్."

"అడిగితే తలొంచుకుని వెళ్ళిపోయి, మళ్ళీ ఈ గడప తొక్కేదానివా? నిన్ను నేనెరగనూ?" మిలా కళ్ళు తుడుచుకుంది. అంతలోనే కోపం తన్నుకొచ్చింది. "ఇన్నేళ్ళు నా పక్కన కూచుని, నా ఇంట్లో తిని, ఒక్క మాట చెప్పలేకపోయావా, మొద్దు మొహమా!" అని లేచి, వేలి కణుపులతో నెత్తి మీద ఒకటి మొట్టింది. గట్టిగానే తగిలింది. లియోనిలాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"సభ్యత్వం తీసేయండి మనాంగ్."

"ఎలా తీస్తానే? సంఘం నియమావళి అచ్చు వేయించింది నువ్వే కదా, ఒక్కసారైనా చదివావా? రెండేళ్ళు అక్కడ చదివిన ఎవరైనా సభ్యులే. నువ్వు నాలుగేళ్ళు చదివి చచ్చావు. ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే సరిపోయేది!"

లియోనిలా గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళూ అక్కర్లేని బరువు మోసిందన్నమాట.

"సత్కారం మాత్రం లేదు" అంది మిలా, గిన్నెలో జావ పోసి చేతికిస్తూ.

"నాకు వద్దు మనాంగ్."

"ఇవ్వందే వద్దంటావేం? తిను ముందు."

ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. రెండోసారి కూడా పోసుకున్నారు.

తరగతికి తానే చెబుతానంది లియోనిలా. వారం ఆగమంది మిలా. ఆగితే ధైర్యం చాలదని లియోనిలా ఆ మధ్యాహ్నమే వంతెన మీదికి తిరిగెళ్ళింది. తరగతివాళ్ళు డబ్బాలు విప్పి భోంచేస్తున్నారు. నిలబడే చెప్పింది, అటూ ఇటూ తిప్పకుండా. అట్టల మీద పన్నెండుమందీ నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని చూస్తుండిపోయారు.

ముందు తేరుకున్నది చారితో. "అంటే మీరు లైసెన్సు పరీక్షకి ఎందుకు కూచోరని ప్రతి ఏడూ అడిగినప్పుడు, అమ్మగారు సెలవివ్వదన్నది..."

"అదీ అబద్ధమే. నేనసలు అడగనే లేదు."

"అయ్యో దేవుడా! పాపం ఆ మిసెస్ క్వోక్‌ని నాలుగేళ్ళుగా శాపనార్థాలు పెడుతున్నాను. పోయిన లెంట్ ఉపవాసాల్లో ఆవిడ మోకాళ్ళు పట్టేయాలని మొక్కుకున్నాను కూడా!"

"ఆవిడ మోకాళ్ళు నిజంగానే పట్టేశాయి" అంది లియోనిలా. ఒకరు కిసుక్కుమన్నారు. అంతే, నవ్వు వరసంతా పాకింది. నవ్వని మనిషి డెల్ఫా ఒక్కతే.

"నేను తప్పినప్పుడల్లా మీ పట్టా గురించి చెప్పేవారు" అంది, గొంతు పెంచకుండా. "మీ అమ్మ దాన్ని గోడకి తగిలించిందనీ, దాని ముందు కొవ్వొత్తి వెలిగిస్తుందనీ, నాదీ ఒకరోజు అలాగే అవుతుందనీ. నేను దాన్నే పట్టుకుని చదివాను. అదీ లేదా?"

"లేదు డెల్ఫా."

డెల్ఫా డబ్బా మూత పెట్టింది, పుస్తకాలు సర్దుకుంది, మెట్లు దిగి వెళ్ళిపోయింది. లియోనిలా వెంట పరిగెత్తలేదు. ఆ కోపం న్యాయమైనదని ఆమెకి తెలుసు.

మరుసటి ఆదివారం డెల్ఫా రాలేదు. ఆ పై ఆదివారం తొమ్మిదింబావుకి వచ్చింది. ఎవర్నీ పలకరించకుండా అట్ట చివర కూర్చుని పుస్తకం తెరిచింది. కాసేపటికి, తలెత్తకుండానే, "ముప్పయ్యో ప్రశ్న నాకు కొరుకుడు పడట్లేదు" అంది. లియోనిలా వెళ్ళి పక్కన కూర్చుంది.

నవంబరులో పండుగ బాగా జరిగింది. సత్కారం ఫెలిసిటాస్‌కి దక్కింది. ఆవిడ మాట్లాడలేక మైకు పట్టుకుని ఏడిస్తే హాలంతా ఏడ్చింది. లియోనిలా వడ్డన బల్ల దగ్గర నూడుల్స్ పెడుతుంటే, పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఉన్న ఒక పెద్దావిడ పళ్ళెం పట్టుకుని ఎదురుగా ఆగింది. విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షురాలు డాక్టర్ హినోలాన్.

"బటికాడోస్ నువ్వేనా? మిలాగ్రోస్ నాకు ఆరు పేజీల ఉత్తరం రాసింది. నీ రికార్డు తెప్పించుకుని చూశాను."

లియోనిలా ఆవిడ పళ్ళెంలో కాసిని నూడుల్స్ వేసింది. "ఇన్నేళ్ళకి అప్పటి మార్కులు చెల్లవేమో కదండీ మేడమ్?"

"చెల్లుతాయి. మళ్ళీ చేర్చుకోమని ఒక దరఖాస్తు పెట్టాలి, దాని మీద నేను సంతకం పెడతాను. మిగిలింది శిక్షణ ఒక్కటే. దానికి దొడ్డిదారి మాత్రం లేదమ్మా. వంతెన మీద ఏడేళ్ళు చెప్పావు గదా అని వదిలేయలేను. అయిదు నెలలు వచ్చి బళ్ళో పిల్లల ముందు నిలబడాలి."

"నిలబడతాను" అంది లియోనిలా. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చింది.

"లెక్కల్లో నీకు బొటాబొటి మార్కులు. నలభైమందిని గట్టెక్కించిన టీచరుకి! చూస్తే నవ్వొచ్చింది" అని పెద్దావిడ పళ్ళెం చాపింది. "ఇంకొంచెం పెట్టు, పిసినారిలా పెట్టకు."

మార్చిలో కాంట్రాక్టు ముగిశాక ఊరికి వెళ్తానని మిసెస్ క్వోక్‌కి ఆ వారమే చెప్పింది. ఆవిడ, "చదువుకని సెలవు కావాలంటే ఎప్పుడైనా ఇచ్చేదాన్నిగా, అడగలేదేం?" అంది. లియోనిలా వెళ్ళి తైలం సీసా తెచ్చింది. ఆవిడ మోకాళ్ళకి ఆ పూట తైలం ఎక్కువసేపు రాసింది.

పత్రిక డిసెంబరు సంచికలో బౌలింగ్ ఫలితాల కింద ఆమె నాలుగు వాక్యాలు రాసింది. తాను పట్టా పొందలేదని, దరఖాస్తులో తప్పు రాసినందుకు సభ్యులందరినీ క్షమాపణ కోరుతున్నానని, చదువు పూర్తి చేయడానికి మార్చిలో ఊరికి వెళ్తున్నానని, ఆదివారం తరగతిని చారితో, ఫెలిసిటాస్ నడుపుతారని. మిలా చదివి, "మరీ చావు కబురులా ఉంది" అని పక్కన ఫోటో పెట్టించింది. అందులో లియోనిలా నోటినిండా బిబింకా, బియ్యప్పిండి కేకు, కుక్కుకుని ఉంది.

సంచికలు పంచేసిన ఆదివారం సాయంత్రం ఆమె ట్రామెక్కి పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చుంది. సముద్రం మీంచి చల్లగాలి వస్తోంది. దిగాల్సింది సాయ్ యింగ్ పున్‌లో. ఎవరో భుజం తట్టేసరికి కళ్ళు తెరిచి చూస్తే కెన్నెడీ టౌన్, లైను చివర. ట్రాములో తనూ డ్రైవరూ తప్ప ఎవరూ లేరు.

"ఇక ముందుకి పోదమ్మా, దిగాలి" అన్నాడతను.

కిందికి దిగి మిసెస్ క్వోక్‌కి ఫోను చేసి, అరగంట ఆలస్యమవుతుందని చెప్పింది. ఎందుకని ఆవిడ అడిగితే, ట్రాములో హాయిగా నిద్రపోయానని చెప్పింది.